వెనుక కాపు కాసినవాడు: సయ్యద్ నయీముద్దీన్
(మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ యేడు సంఘం వారు యువకులను గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. యువకులనగానే చదువు లేదు, ఉద్యోగం లేదు, సెల్‌ఫోను వదలరు అని ప్రతి యేడూ ఏకరువు పెట్టడం మనకు అలవాటైపోయింది. తిట్టిన తిట్టే తిడితే పిల్లలు వినరు, వినకపోవడంలో వారి తప్పూ లేదు. కనుక ఈసారి ఒక ఆటగాని జీవితాన్ని మీ ముందుంచి, దాని వెంట మన సంగతి కూడా చెప్పుకుందామని తలచాము.

ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాదులో పుట్టారు. ఫుట్‌బాల్ ఆటలో డిఫెండరు. 1970లో భారత జట్టుకు కెప్టెన్. ఈ పేరు సభలో ఎంతమందికి తెలుసునని అడిగితే నాలుగైదు చేతులు లేస్తాయేమో, అవీ తలలు నెరిసినవారివే. అజహరుద్దీన్ ఎవరంటే పసిపిల్లవాడు కూడా చెబుతాడు, సంతోషమే. మరి నయీముద్దీన్ ఎవరంటే మన ఇళ్ళలో జవాబు లేదు.

ముందుగా, ఆట తెలియని అమ్మలకు, అక్కలకు డిఫెండరంటే ఏమిటో చెప్పాలి. ఫుట్‌బాల్ జట్టులో 11 మంది. ముందుండేవారు ఎదుటివారి గోలులోకి బంతి కొట్టాలని చూస్తారు. గోలు కొట్టినవాణ్ణి భుజాలమీద ఎత్తుకుంటారు, పేపర్లో ఫోటో వేస్తారు. వెనుక ఉండేవాడు డిఫెండరు. మన గోలులోకి బంతి పోకుండా కాపు కాయడం ఆయన పని. అందులోనూ నడిమధ్యన నిలబడి, ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన ఆటగాణ్ణి అడ్డుకునేవాణ్ణి స్టాపరంటారు. నయీముద్దీన్ స్టాపరు. పది మార్లు ఆపితే ఎవరూ లెక్క పెట్టరు. పదకొండో మారు జారితే ఊరంతా వేలెత్తి చూపుతుంది. మన ఇళ్ళలో తల్లుల పని ఇటువంటిదే కదా! కూర బాగుంటే ఎవరూ మాట్లాడరు, ఉప్పెక్కువైతే అందరూ మాట్లాడతారు.

ఇటువంటి ఆటగాడు తనంతట తాను పుట్టుకు రాలేదు. ఆయన వెనుక ఒక ఉస్తాదు, ఒక పోలీసు జట్టు, ఒక నగరం ఉన్నాయి. ఆ ఉస్తాదు మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు. 1909లో హైదరాబాదులో జన్మించారు. వృత్తి బడిపంతులు. 1943 నుండి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుండి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు శిక్షకులు. ఆ పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులవారికి అది మింగుడుపడని ముచ్చట. రహీం సాహెబు శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లోనూ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లోనూ బంగారు పతకం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సంపాదించింది. జకార్తా నాటికే ఆయనను కేన్సరు తినివేస్తున్నది. 1963 జూన్ 11న కన్నుమూశారు. 2024లో ఆయన జీవితం మీద 'మైదాన్' అనే హిందీ సినిమా వచ్చింది. మన పిల్లలు కొందరు చూసే ఉంటారు.

ఈ పంతులుగారి పద్ధతి వినదగినది. ఆయన పిల్లలకు వింత వింత పోటీలు పెట్టేవారు. ఒక పోటీలో బంతిని కాళ్ళ దగ్గర అట్టే పెట్టుకుని ఒక్కడే పరుగెత్తడానికి వీల్లేదు, వెంటనే తోటివాడికి అందించాలి. ఇంకొక పోటీలో వాటమైన కాలు పనికిరాదు, రెండో కాలితోనే తన్నాలి. పొట్టి పిల్లలకు వేరే పోటీ. ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క ఆట కనిపెట్టి, తిట్టకుండా దిద్దిన మనిషి ఆయన. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడ నుండి వచ్చే బీదపిల్లవాడు తులసీదాస్ బలరాంకు సాధనకు రావడానికి సైకిలు కిరాయి డబ్బులు కూడా తానే ఇచ్చేవారు. ఆ బలరామే తరువాత 1956, 1960 ఒలింపిక్స్ ఆడారు. పిల్లవాడిది ఏ మతమని పంతులుగారు చూడలేదు, కాలిలో ఏముందని చూశారు. ఈ మాట ఈనాడు మరీ గట్టిగా చెప్పుకోవలసి ఉంది.

వెనుక కాపు కాసేవారి వరుస కూడా ఆ పోలీసు జట్టులోనే మొదలయింది. సయ్యద్ ఖాజా అజీజుద్దీన్ ఫుల్‌బ్యాక్. 1952 హెల్సింకి, 1956 మెల్బోర్న్, రెండు ఒలింపిక్స్ ఆడారు. హెల్సింకిలో మనవారు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1 గోళ్ళతో ఓడిపోయారు. వెనుక నిలబడినవారికి అంతకన్నా కష్టమైన దినం ఉంటుందా? అయినా అదే అజీజుద్దీన్ నాలుగేళ్ళ తరువాత మెల్బోర్న్‌లో నాలుగో స్థానం పొందిన జట్టులో ఉన్నారు. ఓడినవాణ్ణి పారవేయకుండా దిద్ది నిలబెట్టడం కూడా ఒక విద్యే.

ఈ గాలిలో, ఈ మైదానాల్లో పెరిగినవారు నయీముద్దీన్. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టులో ఆడి, 1966లో కలకత్తా వెళ్ళి ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అదే యేడు మన హైదరాబాదు కుర్రవాడు మహమ్మద్ హబీబ్ కూడా అక్కడే చేరాడు. హబీబ్ ముందు ఆడేవాడు, నయీం వెనుక. ప్రొఫెషనల్ అనే మాట అప్పటికి మన దేశంలో కాగితం మీద లేదు. క్లబ్బులు డబ్బు ఇచ్చేవి, కాని పైకి అందరూ అమెచ్యూర్లే. ఆటగాడికి ఆధారం ఉద్యోగం, క్లబ్బువారి మాట, తన రెండు కాళ్ళు. కాలు విరిగితే ఆ మూడూ పోయినట్లే. ఇంటికి దూరంగా, భాష తెలియని నగరంలో, లక్షలమంది అభిమానం, కోపం రెండూ మోస్తూ ఆయన ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ మూడు క్లబ్బులకూ ఆడారు. కలకత్తాలో ఈ మూడింటి మధ్య పోరు ఎటువంటిదో తెలిసినవారికి దాని విలువ తెలుస్తుంది. నిన్నటి శత్రువు నేడు మన గోలుకు కాపలా అంటే, ఆ మనిషి పని మీద అందరికీ నమ్మకం ఉండాలి.

1970 డిసెంబరులో బాంకాక్ ఆసియా క్రీడలు. కెప్టెన్ నయీముద్దీన్. జట్టులో హబీబ్ ఉన్నాడు, బెంగాలు నుండి సుధీర్ కర్మాకర్ వంటి గట్టి డిఫెండరున్నాడు. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడిపోయారు. అక్కడ గుండె జారితే పతకం పోయేది. మూడో స్థానం కోసం జపానుతో ఆట. ఆ జపాను సామాన్యమైనది కాదు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన దేశం. మనవారు ఒకే ఒక గోలు కొట్టారు, 1-0తో గెలిచారు. ఆ అంకెలలో '1' కొట్టినవాడు మంజీత్ సింగ్. '0' ఎవరిది? వెనుక నిలబడినవారిది! ఆ సున్నా లేకపోతే ఆ ఒకటికి విలువ లేదు. సోదరులారా, ఇంకొక సంగతి గమనించండి. పురుషుల ఫుట్‌బాల్‌లో ఆసియా క్రీడల పతకం మన దేశానికి అదే ఆఖరు. 2023లో చైనాలో జరిగిన క్రీడల వరకు మరొకటి రాలేదు.

ఆ 1970 సంవత్సరానికే ప్రభుత్వం ఆయనకు అర్జున అవార్డు ఇచ్చింది. ఆట చాలించాక శిక్షకులైనారు. క్రమశిక్షణలోనూ, దేహదారుఢ్యంలోనూ ఇసుమంత సడలింపు ఇవ్వని మనిషని పేరు. పేరున్న ఆటగాళ్ళు కూడా ఆయన ముందు ఒళ్ళు వంచవలసిందే. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే యేడు ఐఎఫ్ఏ షీల్డు, డ్యూరాండ్, రోవర్స్ మూడు కప్పులూ గెలుచుకుంది. 1990 సంవత్సరానికి ద్రోణాచార్య అవార్డు వచ్చింది. శిష్యుడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య, రెండూ ఒకే ఇంటికి చేరాయి. తరువాత భారత జట్టుకు, సరిహద్దు దాటి బంగ్లాదేశ్ జట్టుకు కూడా శిక్షణ ఇచ్చారు. రహీం సాహెబు పెట్టిన దీపంతో ఆయన ఎన్ని దీపాలు వెలిగించారో లెక్కించడం కష్టం.

మరి ఆ నగరం ఏమయింది? సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57, 1957-58 సంవత్సరాల్లో వరుసగా గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ గెలిచింది. ఆ తరువాత మన వంతు రాలేదు. ఉస్తాదు పోయారు. మంచి ఆటగాళ్ళు కలకత్తా వెళ్ళిపోయారు. ఆటగాళ్ళకు ఉద్యోగమిచ్చే శాఖలు తగ్గిపోయాయి. మైదానాల్లో ఇళ్ళు లేచాయి. 1983 తరువాత పిల్లల చేతికి క్రికెట్ బ్యాటు వచ్చింది. 2019లో హైదరాబాదు పేరుతో ఒక ప్రొఫెషనల్ జట్టు ఏర్పడి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. అందుకు గర్వపడ్డాము. కాని ఆ జట్టులో ఎక్కువమంది ఇతర రాష్ట్రాల పిల్లలు, విదేశీయులు. పేరు మనది, కాళ్ళు వేరేవారివి. పాతబస్తీ గల్లీలో పిల్లవాడికి తెలివి తగ్గిందా? లేదు. వాడి వెనుక నిలబడేవారు తగ్గారు. ఈనాటి మా ప్రసంగంలో చెప్పదలచిన మాట ఇదొక్కటే.

ఇక మన సంగతికి వద్దాము. హైదరాబాదు మనకు సుమారు 150 కిలోమీటర్లు. విజయవాడ రోడ్డు మన ఊరి నడుమనుంచే పోతుంది. బస్సు మన ముందే ఆగుతుంది, ఎక్కించేవారు కావాలి. వెనుక నిలబడడమన్నది మునగాలకు కొత్త విద్య కాదు. నైజాం రాజ్యం నడుమ ఉండి కూడా కృష్ణా జిల్లాలో చేరిన పరగణా మనది. ఆనాటి రాజా నాయని వెంకట రంగారావు గారు, దివాను కొమర్రాజు లక్ష్మణరావు గారు అండగా నిలవగా 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వెలసింది. అక్కడ చదువుకున్న వేలమందిలో మునగాల పేరు ఎందరికి తెలుసు? తెలియకపోయినా పని జరిగింది.

మన తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మాకు తెలుసు. "ఆట అన్నం పెడుతుందా?" అంటారు. కూలి చేసి, ఆటో నడిపి, మెకానిక్ షెడ్డులో నల్లబడి పిల్లలను పెంచేవారు ఆ ప్రశ్న అడగడం న్యాయమే. అందరూ నయీముద్దీన్లు కారు. ఆటనే నమ్ముకుని చదువు మానమని మేము చెప్పము, చెప్పరాదు కూడా. కాని రోజుకు గంటసేపు చెమట కార్చిన పిల్లవాడు గుట్కా దుకాణం దగ్గర నిలబడడు. ఓడిపోవడం నేర్చినవాడు పరీక్ష తప్పితే ఉరితాడు వెతకడు. పోలీసు, సైన్యం ఉద్యోగాలకు దేహదారుఢ్య పరీక్షలుంటాయి, ఆటగాళ్ళకు ప్రత్యేక కోటా ఉంది. హకీంపేటలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది, నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఈ సంగతి చెప్పే నాథుడు లేకనే మన పిల్లలు వయసు దాటి కూర్చుంటున్నారు.

ఆడపిల్లల మాట కూడా అనవలసి ఉంది. నిజామాబాదు నుండి నిఖత్ జరీన్ బయలుదేరి 2022లో బాక్సింగులో ప్రపంచ ఛాంపియన్ అయింది. అదే జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య భారత మహిళా ఫుట్‌బాల్ జట్టుకు ఆడింది. వారి తండ్రులకు నలుగురు నాలుగు మాటలు అనకుండా ఉంటారా? విని, దిగమింగి వెనుక నిలబడ్డారు. అదే డిఫెండరు పని.

కనుక సంఘానికి మా విన్నపాలు మూడు. ఒకటి, పండుగలకు వసూలయ్యే చందాలో కొంత తీసి, సాయంత్రం ఆడుకునే పిల్లలకు బంతులు, బూట్లు కొని ఇవ్వాలి. ఎవరి పిల్లలైనా సరే, కులం మతం అడగరాదు. రెండు, క్రీడా పాఠశాల, మైనారిటీ గురుకులాల ప్రవేశాల నోటీసులు ప్రతి యేడూ మసీదు గోడకు, సంఘం బోర్డుకు అంటించి, దరఖాస్తు నింపడానికి ఒకరు కూర్చోవాలి. మూడు, ఎంపికకు హైదరాబాదు వెళ్ళే బీద పిల్లవాడి బస్సు కిరాయి సంఘమే భరించాలి. రహీం సాహెబు ఒక్క పంతులు జీతంతో సైకిలు కిరాయి ఇచ్చారు. ఇన్ని ఇళ్ళవారము కలిసి బస్సు కిరాయి ఇవ్వలేమా?

గోలు కొట్టేవాడు ఎప్పుడో ఒకనాడు మన ఊరినుండి వస్తాడు, ఇన్షా అల్లాహ్. అంతవరకు మనమందరము వెనుక వరుసలో నిలబడి కాపు కాయవలసినవారమే. 

ఖుదా హాఫిజ్. జై హింద్.