యూదుల పస్కా పండుగ – మన ఇండ్లకు ఒక పాఠము

(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది సాయంకాలపు తరగతిలో నేర్చుకొన్న తెలుగు. తప్పులుంటే పెద్దలు మన్నించాలి. తెలుగువారి ఉత్సవములో యూదుల పండుగ మాట ఎందుకని కొందరు అనుకోవచ్చును. కారణము చివర మనవి చేస్తాము.

మేము ముప్పై ఏండ్లకు పైగా డర్బనులో బడిపిల్లలకు పాఠములు చెప్పినవారము. 1994 తరువాత అన్ని జాతుల ఉపాధ్యాయులము ఒకే బడిలో కలిసి పనిచేయు రోజులు వచ్చినవి. మాతో పనిచేసిన ఒక యూదు ఉపాధ్యాయురాలు ఒక సంవత్సరము పస్కా పండుగ భోజనమునకు మమ్మల్ని కుటుంబముతో సహా పిలిచినది.

ఈ పండుగ వారి నీసాను నెల పౌర్ణమి రాత్రి వచ్చును. వారి నెలలు కూడ మన నెలల వలెనే చంద్రుని బట్టి నడచును. మనకు అధికమాసము ఉన్నట్లే వారికి 19 ఏండ్లలో 7 సార్లు ఒక నెల ఎక్కువ వచ్చును. అందుచేత చాలా ఏండ్లలో మన ఉగాది అయిన సుమారు రెండు వారములకు పస్కా వచ్చును. ఇశ్రాయేలు దేశములో 7 దినములు, బయటి దేశములలో చాలామంది 8 దినములు జరుపుకొంటారు.

కథ బైబిలు నిర్గమకాండములో ఉన్నది. ఇశ్రాయేలీయులు ఐగుప్తులో ఫరో రాజుకు బానిసలై ఇటుకలు చేసినారు, పట్టణములు కట్టినారు. వారిని విడిచిపెట్టుమని మోషే అడిగితే రాజు ఒప్పుకోలేదు. ఆ దేశము మీదికి పది తెగుళ్ళు వచ్చినవి. చివరి రాత్రి ఐగుప్తులో ప్రతి ఇంట పెద్దబిడ్డ చనిపోగా, గొర్రెపిల్ల రక్తము ద్వారబంధమునకు పూసుకొన్న ఇండ్లను ఆ చావు దాటిపోయినది. పస్కా అను పేరుకు ‘దాటిపోవుట’ అని అర్థము చెబుతారు. ఆ రాత్రే వారు బయలుదేరినారు. పిండి పులియుటకు కూడ వేళ లేకపోయినది.

పూర్వము యెరూషలేము దేవాలయములో గొర్రెపిల్లను బలియిచ్చి ఈ పండుగ చేసేవారు. క్రీ.శ. 70లో రోమనులు ఆ దేవాలయమును పడగొట్టినారు. గుడి పోయినది గాని పండుగ పోలేదు. అది ఇంటికి, భోజనపు బల్ల దగ్గరకు వచ్చినది.

పండుగకు ముందు ఇల్లంతా కడిగి, గోధుమ, బార్లీ మొదలైన అయిదు ధాన్యములతో చేసిన పులిసిన పదార్థము ఏదీ లేకుండ చేస్తారు. ముందురాత్రి కొవ్వొత్తి, ఈక పట్టుకొని పిల్లలతో మూలమూలలా వెతుకుతారు. దొరికిన ముక్కలను మరునాడు ఉదయము కాల్చివేస్తారు. పండుగకు తినే మట్జా అను పులియని రొట్టెను పిండిలో నీరు కలిపిన 18 నిమిషముల లోపల కాల్చి తీయాలి. దక్షిణ ఆఫ్రికా యూదులలో ఎక్కువమంది లిథువేనియా నుండి వచ్చినవారి సంతతి. వారి ఆచారములో ఆ దినములలో బియ్యము కూడ తినరు. స్పెయిను దేశపు యూదుల సంతతివారు మాత్రము తింటారు. “ఎనిమిది దినములు అన్నము లేకుండానా!” అని మేము ఆశ్చర్యపడితే ఆ ఇంటివారు నవ్వినారు.

ఆ రాత్రి భోజనమును సెడెర్ అంటారు. క్రమము అని అర్థము. పళ్ళెములో ప్రతి వస్తువుకు ఒక జ్ఞాపకము ఉన్నది. ఆకుకూరను ఉప్పునీటిలో ముంచి తింటారు. అది బానిసల కన్నీరు. ఘాటైన దుంప తురుము బానిస బ్రతుకు చేదు. ఆపిలు, అక్రోటు, దాల్చినచెక్క కలిపిన ముద్ద ఇటుకల మధ్య పెట్టు అడుసు. కాల్చిన ఎముక ఆనాటి గొర్రెపిల్ల. నాలుగు సార్లు ద్రాక్షారసము త్రాగుతారు. పది తెగుళ్ళ పేర్లు చెప్పేటప్పుడు ఒక్కొక్క చుక్క తీసివేస్తారు. శత్రువు కష్టపడినప్పుడు మన సంతోషము కొంత తగ్గవలెనని దానికి అర్థము చెబుతారు. ఏలీయా ప్రవక్త కొరకు ఒక పాత్ర నింపి, వీధి తలుపు తెరుస్తారు.

అన్నిటికన్న మా మనస్సుకు తగిలినది వేరొకటి. ఇంటిలో అందరికన్న చిన్నబిడ్డ నాలుగు ప్రశ్నలు అడగాలి. ఈ రాత్రి పులియని రొట్టె ఎందుకు? చేదుకూర ఎందుకు? రెండుసార్లు ముంచుట ఎందుకు? ఆనుకొని కూర్చొనుట ఎందుకు? అప్పుడు పెద్దలు హగ్గాదా పుస్తకము చూచి కథంతా చెప్పాలి. అడగటము తెలియని బిడ్డకు పెద్దలే మొదలుపెట్టి చెప్పాలి. వినే ప్రతి తరము తామే ఐగుప్తు నుండి బయటికి వచ్చినట్లు భావించాలి.

ఆ ఇంటిలో ఆరేండ్ల పిల్లవాడు హీబ్రూలో అడిగినాడు. వారి ఇంటిభాష కూడ మనకు వలె ఇంగ్లీషే. అవ్వ జవాబు చెప్పినది.

తిరిగి వచ్చేటప్పుడు కారులో మా అమ్మాయి అడిగినది: “నాన్నా, మన ముత్తాత ఏ ఊరినుండి వచ్చినాడు? ఎందుకు వచ్చినాడు?” మాకు జవాబు తెలియలేదు. తాత మా పదేండ్ల వరకు మాతోనే ఉన్నాడు. ఆయన తెలుగులో పలకరిస్తే మేము ఇంగ్లీషులో బదులు చెప్పేవారము. చెరకు తోటలో పనిచేసిన ఆ చేతులను రోజూ చూచినాము, ఒక్కనాడు కూడ అడగలేదు. మరు సంవత్సరమే సాయంకాలపు తెలుగు తరగతిలో చేరినాము. తరువాత ఓడ జాబితాలో తాత పేరు, నంబరు, ఊరు దొరికినవి. ఎందుకు బయలుదేరినాడో ఆ కాగితములో లేదు. దానిని చెప్పగలవాడు ఆయన ఒక్కడే.

మన పెద్దలది ఒప్పందపు కూలి. బానిసత్వముతో సమానమని మేము అనము. కాని 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో ఓడ వచ్చినది మొదలు 1911 వరకు 1,52,184 మంది మన దేశస్థులు ఈ రేవులో దిగినారు. ఒక్కొక్కరికి ఒక కథ ఉన్నది.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెములో తమను బెనె ఎఫ్రాయిము అని చెప్పుకొను కొన్ని తెలుగు కుటుంబములు కూడ ఈ పస్కా పండుగ చేస్తాయి. కనుక ఈ పండుగ తెలుగు ఇంటికి బొత్తిగా క్రొత్తది కాదు.

మా మనవి ఒక్కటే. వచ్చే ఉగాదికి పచ్చడి పెట్టేముందు ఇంటిలో చిన్నబిడ్డచేత అడిగించండి: ఇది చేదుగా ఎందుకున్నది? మనము ఎక్కడినుండి వచ్చినాము? ఏ ఓడలో? పెద్దలు తమకు వచ్చిన తెలుగులోనే చెప్పండి. తెలుగు తప్పులైనా ఫరవాలేదు. తెలిసినవారు ఉన్నప్పుడే అడగాలి.