కల్తీ కల్లు: దాడులు సరే, వైద్యం ఏది?



పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల కాలుష్యం గురించి ఏళ్ళుగా పోరాడుతున్నాం. ఇదే ప్రాంతంలో దొంగచాటుగా తయారవుతూ పట్టుబడుతున్న ఆల్ప్రాజోలం గురించి మాత్రం తక్కువ మాట్లాడుతున్నాం. ఆందోళన తగ్గడానికి డాక్టర్లు మిల్లీగ్రాములో పావో సగమో రాసిచ్చే మందు ఇది. కల్లు కాంపౌండ్లలో దీన్ని లెక్కాపత్రం లేకుండా కలుపుతున్నారు. పని దిగి సీసా కల్లు తాగే కూలి స్త్రీకి తానేం మింగుతున్నదో తెలియదు.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం ఇది నేరం. దాడులు జరగాల్సిందే. కానీ 2015 సెప్టెంబరులో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆ మందు హఠాత్తుగా ఆగిపోతే ఏమైంది? నిద్ర లేక, చేతులు వణికి, ఫిట్స్ వచ్చి వందలమంది ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు ప్రాణాలే తీసింది. తాగినా ప్రమాదమే, ఒక్కసారిగా మానినా ప్రమాదమే.

మగవాడు వణికితే జబ్బంటారు, ఆడది వణికితే తాగుబోతంటారు. ఆ సిగ్గుతోనే ఆమె ఆసుపత్రి గడప ఎక్కదు.

1992లో దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించారు. ఇక్కడ దుకాణం మూస్తే సరిపోదు. తయారుచేసేవాళ్ళను పట్టుకోవాలి. మోతాదు మెల్లగా తగ్గించే చికిత్స ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా అందాలి. అది దయ కాదు, మన ఆరోగ్య హక్కు.