పాట మనది, పేరు ఎవరిది?

(కొత్తగూడలో పాటగాళ్ళ శిబిరం రెండో రోజున చేసిన ప్రసంగ పాఠం)



మాట్లాడమని మమ్ముల పిలిచిండ్రు గానీ మాకు పాట రాదు. మేము బడిపంతుళ్ళం. మా ఇంట్ల డిగ్రీ పట్టా ముట్టింది మొదలు మేమే. మా అయ్య జీతమున్నడు, మా అవ్వ నాట్లకు పోయింది. పాట వాళ్ళకొచ్చు, మాకు రాదు. సదువుకున్నందుకు మేము పోగొట్టుకున్న వాటిల్ల అదొకటి. కాబట్టి పాట పాడం, పాట గురించి నాలుగు ముచ్చట్లు చెప్తం.

ఏప్రిల్ 14న మా బడిలో అంబేద్కర్ జయంతి చేసినం. ఎనిమిదో తరగతి పిల్లలు డప్పు కొట్టుకుంట 'ఊరు మనదిరా' పాట ఎత్తుకున్నరు. మంచిగ పాడిండ్రు. అయిపోయినంక అడిగినం, ఈ పాట ఎవరు రాసిండ్రు బిడ్డా అని. ఒకడు గద్దర్ అన్నడు. ఇంకొకడు ఆర్. నారాయణమూర్తి అన్నడు. వెనుకనుంచి ఒక పిల్ల లేచి "యూట్యూబ్ సార్" అన్నది. అందరం నవ్వినం. రాత్రి పండుకున్నంక మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే మేము కూడ డిగ్రీ సదివేదాక అది గద్దర్ పాటే అనుకున్నం. క్యాసెట్ మీద ఆయన గొంతు విన్నం, ఆయనదే అనుకున్నం. సదువుకున్న మేమే అట్లుంటే పిల్లలను అనేదేమున్నది?

ఆ పాట రాసింది గూడ అంజయ్య. అప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి మంచిర్యాల జిల్లా, దండేపల్లి మండలం లింగాపూర్ ఆయన ఊరు. 1955లో దళిత కుటుంబంలో పుట్టిండు. మందుల ఫార్మసిస్టుగా సర్కారు నౌకరీ చేసిండు. ఈ పాట కట్టింది 1970లల్ల, ఇంకా పోరగాడుగా ఉన్నప్పుడే. 2016 జూన్ 21న చనిపోయిండు. పాట పదహారు భాషలకు పోయిందని చెప్తరు. పాట పోయినంత దూరం అంజన్న పేరు పోలేదు. మా బడి దాక కూడ రాలేదు.

ఇది ఒక్క అంజన్న కథ కాదు. ఇంకొంచెం వెనుకకు పోదాం, మన జనగామ దిక్కు.

1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ గూండాల తుపాకికి దొడ్డి కొమరయ్య బలైండు. గొల్లకురుమల బిడ్డ. అక్కడికి దగ్గరనే పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంట మీద దొర చెయ్యి పడనియ్యలేదు. ఆ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట 'బండెనక బండి కట్టి'. నిజాము సర్కారును సవాలు చేసే పాట. మీలో తెలువనోళ్ళు ఉండరు.

ఆ పాటల బండ్లు ఎందుకున్నయో ఎప్పుడన్న ఆలోచించిండ్రా? వెట్టి అంటే మనిషి చాకిరి ఒక్కటే కాదు. దొర పయనమైనా, సర్కారు అధికారి పయనమైనా ఊరోళ్ళు బండ్లు కట్టాలె, ఎడ్లు ఇయ్యాలె, కిరాయి అడుగొద్దు. బండి ముందు మనిషి ఉరకాలె. అట్లా వెట్టికి కట్టిన బండినే యాదగిరి పాటలకు తెచ్చిండు. నిన్నటిదాక నీకోసం బండి కట్టినోళ్ళం, ఇయ్యాల ఏ బండిల తప్పించుకుంటవో మేము చూస్తం అని మర్లబడ్డట్టు మాకు వినవడ్తది. ఇది మా అర్థం. మీకు వేరే తీరు తోస్తే చెప్పండి.

ఇంకొక సంగతి. ఆ పాట ఒక్కడు పాడే పాట కాదు. ఒకరు అడిగితే పదిమంది వంత అందుకోవాలె. నడక బండి నడకనే, ఎక్కువ ఉరకదు, ఆగదు. శత్రువు పేరు పెట్టే జాగ ఒకటి పాటల ఉన్నది. ఆ పేరు తీసి ఇంకొక పేరు పెడితే పాట మళ్ళ కొత్తదైతది. అందుకే అది చావలేదు. నిజాము పోయిండు, పాట ఉన్నది. 1979లో గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు పూనికతో 'మా భూమి' సినిమా తీసిండ్రు. కిషన్ చందర్ ఉర్దూల రాసిన నవల దానికి ఆధారం. అందుల గద్దరన్న తెర మీదికొచ్చి ఈ పాట పాడిండు. అప్పటిసంది అది గద్దర్ పాట అయింది. 2002 తర్వాత ధూంధాం వేదికల మీద మళ్ళ లేచింది. ప్రతిసారి పాడెటోడు మారిండు, తిట్టేటోని పేరు మారింది. యాదగిరి పేరు మాత్రం ఎక్కడనో బండి మీదికెంచి జారి పడ్డది.

అంజన్నకు ఇంకోసారి కూడ ఇట్లనే అయింది. పట్నం పోయి రిక్షా తొక్కే కొడుకుకు జాగ్రత్త చెప్పే 'భద్రం కొడుకో' పాట ఉన్నది గదా, 1983లో 'రంగుల కల' సినిమాల వచ్చింది. పాడింది గద్దర్, రాసింది గూడ అంజయ్య. ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. (ఇద్దరు ఎత్తిండ్రు.) సరే, మా బడి కంటే నయమే.

ఇక్కడ ఒక మాట సాఫ్‌గ చెప్పాలె. మేము గద్దరన్నను తప్పు పడతలేం. తూప్రాన్ దళితవాడ బిడ్డ, బ్యాంకు కొలువు ఇడిచి గొంగడి కప్పుకున్న మనిషి, 1997 ఏప్రిల్ 6న పెయ్యిల తూటాలు దిగినా పాట ఆపలేదు, 2023 ఆగస్టు 6న చనిపోయేదాక పాడిండు. ఆ గొంతు లేకుంటే ఆ పాటలు ఈ అడివిల కొత్తగూడ దాక వచ్చేటియా? రాకపోవును. పైగా ఆ రోజులల్ల పాట కింద పేరు రాసుడంటే పోలీసులకు అడ్రసు ఇచ్చినట్టే. గద్దర్ అన్నది కూడ ఆయన అసలు పేరు కాదు, గుమ్మడి విఠల్ ఆయన. పాట ప్రజలది, మనిషిది కాదు అన్నది అప్పటి నీతి. ఆ నీతికి కారణమున్నది. కాకపోతే పేరు ఇడిచిపెట్టే త్యాగం ఎప్పుడు మనవంతే ఎందుకొస్తది? చరిత్ర పుస్తకాలల్ల నాయకుల పేర్లు మిగిలినయి, పార్టీల పేర్లు మిగిలినయి. పాట కట్టినోడు మాత్రం "ప్రజాకవి ఎవరో" అయిండు.

'ఊరు మనదిరా' గురించి మా మనసుల ఎప్పటిసందో ఉన్న ఇంకొక ముచ్చట. ఆ పాట లెక్క అడుగుతది. చాకిరి మనం చేస్తే ఫలం ఇంకొకడు తినుడేంది అని అడుగుతది. మంచి లెక్క. కానీ మన దిక్కు "ఊరు" అంటే ఏంది? మాదిగవాడల పుట్టినోడు "ఊర్లెకు పోయొస్త" అంటడు. అంటే వాడు ఊర్లె లేడు. ఊరు వేరు, వాడ వేరు. అంజన్నకు ఇది తెలువదా? తెలుసు, అందుకే రెండు పేర్లు పక్కపక్కన పెట్టిండని మేము అనుకుంటం. పాడినోళ్ళు మాత్రం ఎన్నో ఏండ్లు దొరనే చూసిండ్రు, కులాన్ని చూడలేదు. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను సంపినంక, 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది మాలలను సంపినంక, ఆ పాటనే పాడుతుంటే గొంతుల వేరే తీరు వినవడ్డది. గద్దరన్న కూడ కారంచేడు మీద దళితపులుల పాట కట్టిండు. పల్లవి మారకున్నా పాట మారుతదన్నమాట, వినే చెవి మారితే.

మన కొత్తగూడల అయితే ఇంకొక చిక్కు. ఇది ఏజెన్సీ. 1970 నాటి ఒకటి బై డెబ్బై చట్టం కింద భూమి ఆదివాసీలది, ఇంకొకరికి మారొద్దు. ఆ చట్టం ఉండాలె, అది లేకుంటే కోయగూడెం మిగలదు. కోయ అన్న "ఊరు మనది" అంటే అది తాతల అడివి. అదే ఊర్లె మాదిగ తమ్ముడు అదే పాట పాడుతడు, వానికి గుంట భూమి రాసుకునే దారి లేదు. ఇద్దరు ఒక్క డప్పుకు ఆడుతున్నరు. ఈ ముచ్చట తెగేది ఇయ్యాల కాదు, మధ్యాహ్నం బువ్వ దగ్గర మాట్లాడుకుందాం. పాటల "మనది" అనే మాట తేలిక కాదని మాత్రం యాదికుంచుకోండి.

ఇప్పుడు పైసల ముచ్చటకొస్తం. దక్షిణాఫ్రికాల సాలమన్ లిండా అని ఒక జులూ పాటగాడుండె. జోహన్నెస్‌బర్గ్‌ల రికార్డుల కంపెనీల పని చేసేది. 1939లో 'ఎంబూబె' అని ఒక పాట పాడి రికార్డు చేసిండు. ఎంబూబె అంటే సింహం. దాని హక్కు పది షిల్లింగులకు రాసియ్యించుకున్నరని చెప్తరు. ఆ పాట అమెరికా పోయింది. ఒక జట్టు 1950ల మొదట్ల పాడింది, ఇంకొకరు 1961లో ఇంగ్లీషు మాటలు పెట్టి పాడిండ్రు, ప్రపంచమంత మోగింది. 1994లో 'లయన్ కింగ్' బొమ్మల సినిమాల పెట్టిండ్రు, మీ పిల్లలు చూసే ఉంటరు. లిండా 1962లోనే బీదరికంల చచ్చిపోయిండు. ఆయన బిడ్డలు కోర్టుకెక్కిండ్రు. రచయిత చనిపోయిన 25 ఏండ్లకు హక్కు వారసులకు తిరిగి రావాలె అని 1911 నాటి బ్రిటిష్ చట్టంల ఒక మాట ఉండె. వకీళ్ళు ఆ మాట పట్టుకున్నరు. 2006లో రాజీ అయి ఆ కుటుంబానికి పైసలొచ్చినయి. అరవై ఏడేండ్లకు!

మన చట్టం ఏమంటది? 1957 కాపీరైట్ చట్టం ఉన్నది. పాట రాసినోని హక్కు వాడు బతికున్నన్ని రోజులు, చనిపోయినంక ఇంకో 60 ఏండ్లు. అంటే అంజన్న పాట మీద 2076 దాక ఆయన వారసులకు హక్కున్నది. రిజిస్టరు చేయించకున్నా హక్కు పోదు, కాకపోతే రుజువు కావాలె. పైసలకు హక్కు అమ్ముకున్నా సరే, ఇది నేను రాసిన పాట అని చెప్పుకునే హక్కు, దాన్ని పరువు పోయేతట్టు చెడగొడితే అడిగే హక్కు రచయితకే ఉంటయి, అది 57వ సెక్షను. ఒకరి పాటను ఇంకొకరు మళ్ళ పాడి రికార్డు చెయ్యాలంటే 31సి సెక్షను ఉన్నది: మొదటి రికార్డు వచ్చిన ఏడాది దాటి అయిదేండ్లు గడవాలె, ముందుగాల నోటీసు ఇయ్యాలె, రాయల్టీ కట్టాలె. 2012 సవరణ వచ్చినంక సినిమాలకు రాసినోళ్ళకు కూడ రాయల్టీల వాటా పోదు. వరుస సంగతి వేరు. తాతలనాటి వరుస ఎవ్వరి సొత్తు కాదు, ఎవరైనా వాడుకోవచ్చు. దాని మీద నువ్వు కట్టిన మాటలు నీవి.

ఇదంతా ఎందుకు చెప్తున్నమంటే, మన మండలంలనే జరిగింది. ముందు వరుసల కూసున్న అక్క కలుపు తీసుకుంట కట్టిన పాట ఒకటున్నది. మొగడు దుబాయి పోయినంక బాకీలోడు ఇంటిముంగట కూసునుడు మీద. పోయినేడు ఎవరో పెండ్లిల సెల్లుల రికార్డు చేసుకపోయిండ్రు. ఆరునెలలకు అది ఒక ఛానల్ల వచ్చింది, వేరే గొంతు, వేరే పేరు, కింద "రచన" అని ఎవరిదో పేరు. బాకీలోని చరణం తీసేసి అక్కడ ప్రేమ చరణం పెట్టిండ్రు. అక్క కొడుకు మా దగ్గరికొచ్చి, "మా అవ్వ పాట అని ఎవరు నమ్ముతరు సార్, ఆమెకు సంతకం రాదు" అన్నడు. మేము ఏం చెప్పాలె? ఫిర్యాదు పెడదామంటే అక్క పేరుతోని ఒక్క కాయితం లేదు, ఒక్క తారీఖు లేదు.

అందెశ్రీ అన్నను చూడండి. రేబర్తిల పుట్టి పసుల కాసి, తాపీ పని చేసి, బడి మొఖం చూడకుంట 'జయ జయహే తెలంగాణ' రాసిండు. 2024లో అది రాష్ట్రగీతమైంది. బాణీ కీరవాణితోని కట్టించిండ్రు, ఆంధ్ర సంగీతం ఎందుకని కొందరు కొట్లాడిండ్రు, పొట్టిది ఒకటి పొడుగుది ఒకటి వచ్చింది. అన్న 2025 నవంబరుల పోయిండు. ఎన్ని తీర్ల పాడినా ఆ పాట రాసింది అందెశ్రీ అని చిన్న పోరడు కూడ చెప్తడు. సదువు రాకుంటే పేరు నిలువదన్నది అబద్ధం.

అందుకని ఒక పని చేద్దాం. ఈ నోటుబుక్కు మూడు వందల పేజీలది, మా బడి ముంగటి దుకాణంల కొన్నం. ఒక్కొక్క పాటకు ఒక పేజీ. కట్టినోళ్ళ పేరు, ఊరు, తారీఖు, మాటలు. వరుస ఎక్కడిదో తెలిస్తే అది కూడ. రాయనీకి రానోళ్ళకు మేము రాస్తం, మా పిల్లలు రాస్తరు, కింద వేలిముద్ర, ఇద్దరు సాక్షుల సంతకాలు. సెల్లుల రికార్డు చేసేటప్పుడు పాటకు ముందు పేరు, తారీఖు చెప్పాలె. యూట్యూబుల ఎవరన్న పాట ఎత్తుకపోతే కాపీరైట్ ఫిర్యాదు పంపొచ్చు, దానికి పైసా ఖర్చు లేదు, మేము నింపిస్తం. ఇంకొకరి పాట మనం పాడితే కూడ ఇదే నియమం. 'ఊరు మనదిరా' ఎత్తుకునే ముందు గూడ అంజయ్య అనాలె, 'బండెనక బండి' ఎత్తుకునే ముందు బండి యాదగిరి అనాలె. మాటలు మార్చి పాడితే మార్చినం అని చెప్పాలె. మార్చొద్దని మేము అనం, మార్చకుంటే పాట ముసలిదైతది.

మొదటి పేజీ అక్కది. మనుమరాలు పెన్ను పట్టుకొని పక్కకే కూసున్నది. అక్కా, మైకు దగ్గరికి రా. ప్రేమ చరణం కాదు, బాకీలోని చరణం పాడు. దానికంటె ముందుగాల నీ పేరు నువ్వే చెప్పు. మేము చెప్పం.