బరువు మారలేదు, బలం తగ్గింది

 

ఈ రోజు గుండె గురించి మాట్లాడుకుందాం. గుండె సంగతి తెలియాలంటే ముందు కాళ్ల సంగతి, పొట్ట సంగతి తెలియాలి.

వెనకటి రోజుల్లో ఆడవాళ్లు వడ్లు దంచేవాళ్లు. ఇసుర్రాయి తిప్పేవాళ్లు. బావి నుంచి నీళ్లు మోసేవాళ్లు. అది సుఖమైన బతుకేం కాదు. ఆ కష్టం మళ్లీ ఎవరికీ వద్దు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ పొలాలు వరితో పచ్చబడ్డాయి. మిర్యాలగూడ చుట్టూ రైసుమిల్లులు వెలిశాయి. ఇప్పుడు వడ్లు మిల్లులో పట్టిస్తున్నారు. పిండి గిర్నీలో పట్టిస్తున్నారు. వరి కోతకు మిషను వస్తోంది. సూర్యాపేట బజారుకు పోవాలంటే ఆటో ఉంది.

ఒంటికి పని తగ్గింది. కంచంలో అన్నం తగ్గలేదు. అన్నం ఎక్కువ, పప్పు పల్చన. గుడ్డు ఉంటే మగవాళ్లకు, పిల్లలకు. చాలా ఇండ్లలో అందరూ తిన్నాక మిగిలిందే ఆడవాళ్లకు.

"మేం నాట్లు వేస్తాం, కలుపు తీస్తాం కదా" అని కొందరు అంటారు. నిజమే. కాని ఆ పని కొన్ని నెలలే. మిగతా నెలల మాటేమిటి? రోజంతా మిషను కుట్టేవాళ్ల మాటేమిటి? దుకాణంలో కూర్చునేవాళ్ల మాటేమిటి?

ఇట్లా ఉంటే రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. పొట్ట చుట్టూ కొవ్వు పెరుగుతుంది. చేతుల్లో, తొడల్లో కండ తగ్గుతుంది. వయసు మీద పడ్డకొద్దీ కండ తగ్గడం మామూలే. ముట్లు ఆగిపోయాక ఇంకా తొందరగా తగ్గుతుంది.

తూకం ఈ సంగతి చెప్పదు. ఒకామెకు 3 కిలోల కండ తగ్గింది, 3 కిలోల కొవ్వు పెరిగింది అనుకుందాం. తూకంలో పాత అంకే కనిపిస్తుంది. "నేనేం లావు కాలేదు" అనుకుంటుంది. లంగా బొందు మాత్రం చాలదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది.

2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఒక లెక్క చెప్పింది. తెలంగాణలో 15 నుంచి 49 ఏండ్ల ఆడవాళ్లలో నూటికి 30 మంది ఎత్తుకు తగిన బరువును మించి ఉన్నారు. ఆ బరువులో కండ ఎంత, కొవ్వు ఎంత అన్నది ఆ లెక్కలో లేదు.

మరి గుండెకు ఏమవుతుంది?

అన్నం తింటే రక్తంలోకి చక్కెర వస్తుంది. అందులో ఎక్కువ భాగాన్ని కండ తీసుకుంటుంది. కండ ఒక గరిసె లాంటిది. గరిసె చిన్నదైతే వడ్లు వాకిట్లోనే మిగులుతాయి. కండ తగ్గితే చక్కెర రక్తంలోనే మిగులుతుంది. పొట్ట లోపలి కొవ్వు ఊరికే ఉండదు. రక్తనాళాలకు చెరుపు చేసే పదార్థాలను వదులుతుంది. కాలువలో పూడిక చేరినట్టు రక్తనాళాల గోడల్లో కొవ్వు చేరుతుంది. మెత్తగా సాగే నాళాలు గట్టిపడతాయి. బీపీ పెరుగుతుంది. గుండె ఎక్కువ కష్టపడాలి. పొట్ట పెరిగినా ముప్పే, కండ తగ్గినా ముప్పే. రెండూ కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ.

ఇంట్లోనే రెండు పరీక్షలు చేసుకోవచ్చు.

ఒకటి: టేపుతో నడుము కొలవండి. 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

రెండు: గోడకు ఆనించిన కుర్చీలో కూర్చోండి. చేతులు కట్టుకోండి. 5 సార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, అంతకన్నా ఎక్కువ పడితే కాళ్లలో సత్తువ తగ్గినట్టే.

అయితే పస్తులు ఉండాలా? వద్దు. పస్తులుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అన్నం కొంత తగ్గించండి. పప్పు చిక్కగా వండండి. పెసర్లు, బొబ్బర్లు, శనగలు, పల్లీలు తినండి. గుడ్డు, పెరుగు, చేప మీరూ తినండి. అది మీ వాటా. నూనె, ఉప్పు, చక్కెర తగ్గించండి.

పొద్దున, సాయంత్రం 10 సార్లు కుర్చీలోంచి లేచి కూర్చోండి. గోడకు చేతులు ఆనించి 10 సార్లు నెట్టండి. వారానికి 5 రోజులు అరగంట గబగబా నడవండి. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ముందు డాక్టరును అడగాలి.

30 ఏండ్లు దాటితే ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రంలో బీపీ, షుగరు చూపించుకోండి. అక్కడ డబ్బు అడగరు. ఛాతీ మీద బరువు పెట్టినట్టున్నా, దవడ, ఎడమ చెయ్యి గుంజినా, చల్లచెమటలు పోసినా, ఊపిరాడకున్నా "గ్యాస్" అనుకొని పడుకోవద్దు. 108కి ఫోను చెయ్యండి. వంట తర్వాత, బట్టలు తర్వాత. ముందు ప్రాణం.

ఇప్పుడు మీ చేతికి రాత వచ్చింది. నోటుబుక్కులో ఈ రోజు తారీకు వెయ్యండి. మూడు అంకెలు రాయండి. నడుము కొలత. కుర్చీ సెకన్లు. బీపీ. మూడు నెలలకు మళ్లీ కొలిచి, కింద రాయండి. చదువు రాని పక్కింటామె అంకెలు కూడా మీరే రాసిపెట్టండి.