అడిగినప్పుడు దాచకుండా చెబుదాం



30 ఏళ్లు దాటినవాళ్ల కోసం ఆశా కార్యకర్త ఇంటికొచ్చి ఒక కాగితం నింపుతుంది. పొగాకు వాడతారా, రోజూ తాగుతారా అని అందులో ఉంటుంది. ఆ ప్రశ్న రాగానే ఇంట్లోవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. "అబ్బే, ఆ అలవాట్లు లేవమ్మా" అని పంపేస్తారు. తాగేది మగవాళ్లే అనుకుంటాం గానీ, మన శ్రీకాకుళం వైపు అడ్డపొగ కాల్చే అమ్మమ్మలున్నారు. ఖైనీ, గుట్కా నమిలే ఆడవాళ్లూ ఉన్నారు. బీపీ, షుగరుకు ఈ అలవాట్లు తోడైతే పక్షవాతం ముప్పు పెరుగుతుంది. ఆ కాగితం మనల్ని తప్పుబట్టడానికి కాదు, ముందే జాగ్రత్తపడడానికి.

పోయిన ఏడాది మా సంఘంలో ఒక చెల్లి భర్తకు పక్షవాతం వచ్చింది. తాగుతాడా అని ఆసుపత్రిలో అడిగితే, పరువు పోతుందని ఇంటి పెద్దలు లేదన్నారు. మూడో రోజుకు చేతులు వణికాయి, పొంతన లేని మాటలు, మంచం దిగి పోతానని గొడవ. అప్పుడు ఆ చెల్లే ధైర్యం చేసి రోజూ తాగేవాడని డాక్టరుగారికి చెప్పింది. తాగుడు ఒక్కసారిగా ఆగితే అలా అవుతుందట, ఫిట్సు కూడా రావచ్చట. దానికి వేరే వైద్యం చేశాక మనిషి కుదుటపడ్డాడు. అందుకే రోజూ బాగా తాగేవాళ్లను ఇంట్లో కట్టడి చేసి మాన్పించకండి, డాక్టరును అడిగి మాన్పించండి.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట ముద్దయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి. ఎన్నింటికి మొదలైందో గుర్తుపెట్టుకోవాలి. స్కాన్ తీశాక, తగినవాళ్లకు గడ్డ కరిగించే ఇంజక్షన్ నాలుగున్నర గంటల్లోపే ఇస్తారు. పసర్ల కోసం తిరిగితే ఆ టైము కాస్తా పోతుంది. నోట్లో నీళ్లు, మాత్రలు వెయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇంటికి తెచ్చాక రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పుండ్లు పడతాయి. కూర్చోబెట్టే తినిపించాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపకూడదు. ఈ చాకిరీ అంతా ఒక్క ఆడమనిషి మీదే పడుతోంది. అందుకే ఆ చెల్లి ఇంటికి మేము వంతులేసుకుని వెళ్లాం.

ఇక మీద మీటింగు రోజున ఆశా అక్క ఒక్కొక్కరితో విడిగా కూర్చుని అడిగేలా మా సంఘం తీర్మానం చేసింది. మీరూ చెయ్యండి. తాగుడు మాన్పించే సాయానికి 14446, మనసు బాగోకపోతే 14416. ఈ రెండు నెంబర్లూ పాసుపుస్తకం అట్ట మీద రాసుకోండి. అప్పు లెక్క దాచకుండా చెప్పుకునే మనం, ఒంటి లెక్క కూడా దాచకుండా చెప్పుకుందాం.