అన్నయ్యా అని పిలిచే ముందు

(స్త్రీలకు ఆర్థిక సలహాదారులుగా పనిచేయబోతున్న కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



స్త్రీల డబ్బుకు సలహా చెప్పే పనిలోకి మీరు వెళ్తున్నారు. వాళ్ళ నమ్మకం ఎట్లా సంపాదించాలో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నేను సోషియాలజీ చదివిన మనిషిని, ఏ షేరు కొనాలో నన్ను అడగొద్దు. కానీ డబ్బు విషయంలో మన స్త్రీలు ఎవరిని నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు అన్నది కొన్నేళ్ళుగా చూస్తున్నాను.

2014-15లో అగ్రిగోల్డ్ చెల్లింపులు ఆగిపోయి సుమారు 32 లక్షల మంది డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. వాళ్ళ చేత డబ్బు కట్టించిందెవరు? పక్కింటి వదిన, తోడికోడలి తమ్ముడు, ఊళ్ళో అందరికీ తెలిసిన మనిషి. ఆ ఏజెంట్లలో ఎందరో తామూ కట్టారు, తామూ మునిగారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. తెలిసిన మనిషి గనక ఎవరూ కాగితాలు అడగలేదు, అంతే. మనకు నమ్మకం తక్కువై కాదు, అడగడం మొహమాటమై నష్టం వచ్చింది.

ఏజెంటును అన్నయ్యా అని పిలుస్తాం. అన్నయ్యకు డబ్బు ఎవరిస్తున్నారని అడగం. దీర్ఘకాల బీమా పాలసీలో మొదటి ఏడాది ప్రీమియం మీదే కమిషన్ ఎక్కువ. పాత పాలసీ మాన్పించి కొత్తది రాయిస్తే లాభం ఎవరికో ఆలోచించండి. పెట్టుబడి సలహాదారులకు సెబీ 2013లో నిబంధనలు తెచ్చింది. 2020 సవరణ తర్వాత, ఒకే కుటుంబం దగ్గర సలహాకు ఫీజు తీసుకుంటూ, కమిషన్ మీద అమ్మకం కూడా చేయడానికి వీల్లేదు. మీ ఆదాయం ఎక్కడినుంచి వస్తుందో మొదటి రోజే చెప్పండి. ఫీజు అడగడానికి సంకోచించకండి. ‘సేవ’ పేరుతో స్త్రీల శ్రమను ఉచితం చేసే అలవాటు మన సంస్థల్లోనూ ఉంది.

ఇక ఇంటి సంగతి. హైస్కూలు టీచరు ఒకామె తన జీతం మీద మూడు పాలసీలు కడుతోంది. అవి ఏమిటని అడిగితే, ‘ఇంటూ గుర్తు పెట్టినచోట సంతకం పెట్టానండీ’ అంది. బాండ్లు అత్తగారి బీరువాలో ఉన్నాయి. ఏజెంటు మాట్లాడిందంతా ఆమె భర్తతోనే. సంపాదించే స్త్రీ కూడా డబ్బు దగ్గర సంతకంగా మిగిలిపోవడమే పితృస్వామ్యం. సలహాదారు ఆమె వైపు తిరిగి ఆమెతో మాట్లాడితే చాలు, అక్కడే సగం పని మొదలవుతుంది.

ఒక చట్టం సంగతి తప్పక చెప్పాలి. 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 6వ సెక్షన్. భర్త తన ప్రాణం మీద తీసుకునే పాలసీ భార్య కోసమనో, భార్యాపిల్లల కోసమనో అందులోనే రాయిస్తే అది వాళ్ళ పేర ట్రస్టు అవుతుంది. ఆ సొమ్ము భర్త అదుపులో ఉండదు. అప్పులవాళ్ళను మోసగించడానికి తీసుకున్నదైతే తప్ప, వాళ్ళు దాన్ని ముట్టుకోలేరు. అయితే పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి. అప్పు చేసి పంట వేసే ఇంట్లో ఇది ఎంత ఆసరానో మీకు వేరే చెప్పనక్కర్లేదు. నేను కలిసిన స్త్రీలలో ఒక్కరికీ ఏ ఏజెంటూ ఈ మాట చెప్పలేదు. చెక్కు రాసే మగవాడికి రుచించని మాట ఎందుకు చెప్తాడు? నామినీగా పేరుంటే చాలనుకుంటాం. నామినేషన్ను భర్త ఎప్పుడైనా మార్చుకోవచ్చు.

చివరిగా, రహస్యం. మీ ఎదుట కూచున్న స్త్రీ పుట్టింటికి పంపిన డబ్బు గురించి, తాకట్టులో ఉన్న గొలుసు గురించి చెప్తుంది. పోపుల డబ్బాలో దాచినదాన్నీ చెప్తుంది. 2005 గృహహింస చట్టం ఆర్థిక వేధింపును కూడా హింసగానే గుర్తించింది. ఆ మాట భర్త చెవిన పడితే ఆమెకు దెబ్బలు తప్పకపోవచ్చు. అందుకే ఫారంలో ఫోన్ నంబరు రాసే ముందు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుందో అడగండి. మెసేజీ ఎవరు చదువుతారో అడగండి. వద్దంటే పంపకండి. కాగితాలు మీ దగ్గరే భద్రంగా ఉంచి, ఆమె వీలైన రోజున వచ్చి చూసుకుంటుందని రాసుకోండి.