దత్తత బిడ్డలు: తొలి నాళ్ల గాయాలు

1989 డిసెంబరులో రుమేనియా నియంత చౌషెస్కు ప్రభుత్వం కూలిన తరువాత, ఆ దేశపు అనాథాశ్రమాల్లో చాలినంత తిండీ, పలకరించే మనిషీ లేక ఊచల మంచాలకే పరిమితమైన పసివారి దుస్థితి లోకానికి తెలిసింది. అక్కడి నుంచి బ్రిటన్‌ కుటుంబాలకు దత్తు వచ్చిన 165 మంది పిల్లలను, వీరిలో అత్యధికులు ఆశ్రమాల్లో పెరిగినవారే, బాలల మనోవైద్యుడు మైకేల్ రట్టర్ బృందం యౌవనం దాకా పరిశీలించింది.

ఆరు నెలలలోపే ఆశ్రమం వీడినవారు బ్రిటన్‌లో పుట్టి దత్తు వెళ్లిన పిల్లలతో దాదాపు సమానంగా ఎదగగా, అంతకు మించి అక్కడ గడిపినవారిలో పలువురికి, తెలివితేటలు క్రమంగా పుంజుకున్నా, ఏకాగ్రతలేమి, నిరోధంలేని సాంఘికత, అంటే అంగడిలో అమ్మ చెయ్యి వదిలి ముక్కూమొహం తెలియనివారి వెంట జంకు లేకుండా వెళ్లిపోయే స్వభావం, పెద్దయ్యాకా నిలిచిపోయాయి. కొందరిలో దిగులు, ఆందోళన కౌమారం దాటాకే తీవ్రమయ్యాయి; తొలి నాళ్ల లేమి ఫలితం ఇలా ఆలస్యంగానూ బయటపడవచ్చు గనుక, వాటిని పెంపకపు లోపంగా ఎంచి తల్లిదండ్రులను నిందించడం అన్యాయం. అయితే ఆరు నెలలకు మించి ఆశ్రమాల్లో గడిపినవారిలోనూ సుమారు ఐదో వంతు మంది ఏ దశలోనూ చెప్పుకోదగ్గ ఇబ్బంది లేకుండా ఎదగడం ఎంతో ఊరటనిచ్చే విషయం.

కడుపు నిండినా రొట్టెముక్కను దిండు కింద దాచుకునే బిడ్డను దండించక, తిండిని ఎప్పుడూ చేతికందే చోట ఉంచే ఓర్పు ఇంటివారికి ఎంత అవసరమో, ఆ కుటుంబానికి దత్తత పత్రాలతో ముగిసిపోక బిడ్డ యౌవనం దాకా అందే మానసిక వైద్య సహాయం కూడా అంతే అవసరం.